తల డాక్టరుది, తోక ఫకీర్‌ది

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కంప్యూటర్‌లో నొక్కితే కిందికి జారే ఆ పేర్ల జాబితా, డ్రాప్‌డౌన్ అంటారు, రాసింది నేనే. హన్మకొండ చౌరస్తా వెనక సందులో ఉన్న ఒక పాత ల్యాబు కోసం నాలుగు వందల పన్నెండు రోగాల పేర్లు, తల నుంచి తోక దాకా, అక్షరక్రమంలో పేర్చి పెట్టాను. ఒక మధ్యాహ్నం పట్టింది, నడుమ రెండు చాయ్‌లు. అదే పని ఒక మనిషి ముప్పై రెండేళ్ళుగా చేతితో చేస్తున్నాడని నాకప్పుడు తెలియదు. తెలిసినా రాసేదాన్నే. అదీ ఒప్పుకుంటున్నాను. ఇక ఈ కథలో నా గొడవ లేదు. ఎక్కడైనా 'సాఫ్ట్‌వేర్ పిల్ల' అని కనబడితే అది నేనే అనుకొని ముందుకు పోండి.

ఆ శనివారం పొద్దున ఎనిమిదింబావుకు ఫకీర్ మహమ్మద్ పాత పళ్ళ బ్రష్షుతో స్టాంపులు తోముతున్నాడు. ఆరు స్టాంపులు. ఆరు గదుల చెక్కపెట్టెలో బోర్లా నిలబడి ఉంటాయి. ఒక్కోదాన్ని తీసి, అక్షరాల సందుల్లో పేరుకున్న ఊదారంగు సిరా మడ్డిని గీకి, పాత బనీను ముక్కతో తుడిచి, మళ్ళీ దాని గదిలో దాన్ని నిలబెట్టాడు. మూడో స్టాంపు తీశాడు, చూశాడు, తోమకుండానే పెట్టేశాడు. దానికి మురికి ఉండదు. అది సిరా ఎరగదు.

పొడుగు మనిషి. కాగితాల మీద వంగీ వంగీ మెడ కొంచెం ముందుకు సాగి, నిలబడినా ఏదో చదువుతున్నట్టే ఉంటాడు. కళ్ళజోడుకి నల్లదారం. నిండు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గుండీ ఎండాకాలంలో కూడా ఊడదు. కుడిచేతి చూపుడువేలు గోరు మాత్రం ఊదారంగు. పెళ్ళిలో భార్య జైనాబీ మొదట చూసింది ఆ గోరునే. దెబ్బ తగిలిందేమో అనుకొని రెండు రోజులు ఆ చేత్తో పని చెప్పలేదట. అది సిరా అని తెలిశాక అన్ని రోజుల పనీ ఒకేసారి చెప్పింది.

ఫకీర్ చేసేది చెప్పడానికి చిన్న పని. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కనో, సూదితో లాగిన చుక్కనో డాక్టరు మైక్రోస్కోపులో చూసి, ఒక చీటీ మీద రోగం పేరు రాస్తారు. ఫకీర్ దాన్ని రిజిస్టర్‌లోకి ఎక్కించి, రిపోర్టు టైపు చేసి, కౌంటర్ దగ్గర మనిషికి అందిస్తాడు. అంతే. కాకపోతే ఈ ల్యాబు పెట్టిన పెద్ద డాక్టరుకి ఓపిక తక్కువ. మాట మొదలు ముత్యాల్లాగా రాసేవాడు. సగం దాటగానే చెయ్యి జారి, మిగతాదంతా ఒక గీత. ఆ గీత చివర పైకి లేస్తే ఒక రోగం, కిందికి వంగితే ఇంకో రోగం. పరకాలలో పదో తరగతి పాసై, టైపింగు లోయర్ పరీక్ష గట్టెక్కి వచ్చిన ఫకీర్‌కి తలలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. కానీ రెండు నెలల్లో ఒకటి కనిపెట్టాడు. తలలు వేలకొద్దీ ఉన్నాయి గానీ తోకలు మాత్రం అవే తిరిగి తిరిగి వస్తున్నాయి. ఐటిస్ వస్తే ఏదో మండి వాచింది. ఎక్టమీ వస్తే ఏదో కోసి తీశారు. ఎమియా వస్తే నెత్తురులో తేడా. ఓసిస్, పతీ వస్తే ఏదో చెడింది.

అది ఒకరోజు భయపడుతూనే పెద్ద డాక్టరుతో అంటే ఆయన పడీపడీ నవ్వి, ఇవి అసలు ఇంగ్లీషోళ్ళ మాటలే కావని, గ్రీకు దేశం నుంచి ఎత్తుకొచ్చుకున్నవని చెప్పాడు. గ్రీకు అంటే ఏ దేశమని ఫకీర్ అడిగాడు. "యూనాన్, ఫకీర్. మీ యూనానీ దవాఖానలు లేవా, ఆ యూనాన్" అన్నాడాయన.

ఫకీర్ ఆ రోజంతా తేలిపోయాడు. వాళ్ళ నాన్న పరకాల బజార్లో ఒక హకీము దగ్గర పొట్లాలు కట్టేవాడు. మందు పేరు హకీము చెప్పేవాడు, పొట్లం మడత నాన్నది. ఎవరు విప్పినా ఒక్క రవ్వ కింద పడని మడత. అంటే ఇంటి పని ఎక్కడికీ పోలేదు, కొంచెం వీధి మారిందంతే అనుకున్నాడు.

ఆ సంతోషం ఏడాదిన్నర ఉంది. తర్వాత రాయమల్లు వచ్చాడు.

రఘునాథపల్లి రైతు. మెడ మీద బిళ్ళ కట్టింది. పెద్ద డాక్టరు చీటీ మీద లింఫ్ అని రాసి గీత లాగాడు. గీత కిందికి వంగినట్టు కనబడింది. ఫకీర్ ఓమా అని కొట్టాడు. ఓమా అంటే గడ్డ. ఆ తలకి ఆ తోక తగిలిస్తే ఏమవుతుందో ఆయనకు తెలియదు, రాయమల్లు చూపించుకున్న డాక్టరుకి తెలుసు, క్యాన్సర్ అని. హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. రాయమల్లు హైదరాబాద్ పోలేదు. ఇంటికి పోయి, ఏ చెలక ఎవరికో తమ్ముళ్ళకి చెప్పి, ఎడ్ల మెడలు నిమిరి, మంచం వేసుకొని పడుకున్నాడు. మూడో రోజు పెద్ద డాక్టరుకి అనుమానం వచ్చి స్లైడు మళ్ళీ చూస్తే అది ఐటిస్. గోలీలతో పోయే బిళ్ళ. ఆయన స్కూటర్ మీద, వెనక ఫకీర్ కూర్చొని, వానలో రఘునాథపల్లి పోయారు. రాయమల్లు భార్య సమ్మమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. తాగిందాకా ఆగింది. తర్వాత తిట్టింది. పెద్ద డాక్టరు తల వంచుకొని మొత్తం విన్నాడు.

తిరుగుదారిలో ఆయన అన్న మాటే ఇప్పటి దాకా ల్యాబుకు చట్టం. ఇక మీదట తోక నేను రాయను, నంబరు వేస్తాను, తోక నువ్వే వెయ్యి అన్నాడు. వరంగల్ చౌరస్తాలో ఆరు రబ్బరు స్టాంపులు చేయించారు. చేసినవాడు అవి ఆరు కంపెనీలనుకొని, ఐటిస్ వాళ్ళది ఏం వ్యాపారం సార్ అని అడిగాడు. ఒకటి ఐటిస్, రెండు ఓసిస్, మూడు ఓమా, నాలుగు ఎక్టమీ, అయిదు ఎమియా, ఆరు పతీ. తల డాక్టరుది, తోక ఫకీర్‌ది. మళ్ళీ ఎప్పుడూ తోక మారలేదు.

మూడో నంబరు స్టాంపు మాత్రం ఫకీర్ వాడలేదు. చీటీ మీద మూడు కనబడితే లేచి లోపలికి పోయి, "మూడేనా సార్?" అని అడిగి వచ్చి, ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలనూ చేత్తో రాసేవాడు. ఆ మాట గుద్దిపారేసేది కాదని ఆయన లెక్క. మూడులో కొన్ని ఉత్త కొవ్వుగడ్డలని, ఒకటిలోనూ మనిషిని తీసుకుపోయేవి ఉన్నాయని తర్వాత తర్వాత తెలిసింది. అందుకే కౌంటర్ దగ్గర ఎవరు అడిగినా తోక అర్థం చెప్తాడు గానీ ఫికర్ లేదు అన్న మాట అనడు. మూడైతే ముందు గ్లాసు నీళ్ళిస్తాడు. ఆ నీళ్ళ గ్లాసు సంగతి బయట ఆటోవాళ్ళక్కూడా తెలుసు. మూడు అన్న అంకె మీద భయం ఎంత దూరం పోయిందంటే, హోటల్లో కూడా ఆయన మూడు చాయ్‌లు చెప్పడు. రెండు చాయ్, ఇంకొకటి అంటాడు.

ఈ శనివారం రిజిస్టర్‌కి ఆఖరి రోజు. సోమవారం నుంచి సాఫ్ట్‌వేర్. పెద్ద డాక్టరు పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు ఆయన కూతురు డాక్టర్ శకుంతల చూస్తోంది. చాచా, మీకు కౌంటర్ ఎప్పుడూ ఉంటుంది, ఎన్ని రోజులు కూర్చున్నా సరే అని ఆమె ముందే చెప్పింది. ఆలోచించి చెప్తానన్నాడు. కానీ వారం నుంచి ఆయన ఆలోచిస్తున్నది దాని గురించి కాదు.

వారం కింద ఇంట్లో జైనాబీ కాళ్ళు చాపుకొని కూర్చొని, కాళ్ళ మీద మనవరాలిని పడుకోబెట్టుకొని తానం పోస్తోంది. కూతురు ఫర్హానా మొదటి కాన్పుకి వచ్చి నెల దాటింది. జైనాబీ పిల్ల మీదికి వంగి, మళ్ళీ చెంబు కోసం తల ఎత్తినప్పుడు, గొంతు దగ్గర ఒక గడ్డ పైకి లేచి కిందికి దిగింది. ఫకీర్ చేతిలో తువ్వాల అట్లాగే ఉండిపోయింది. గురువారం డాక్టర్ శకుంతలే సూదితో చుక్క లాగింది. శనివారం నాలుగింటికి చెప్తానంది.

పొద్దున బయల్దేరేటప్పుడు జైనాబీ డబ్బా చేతికిస్తూ, నాది ఏ తోకనో చూసుకొని రా అని నవ్వింది. ఏం వచ్చినా రెండు తర్వాతది అని మాత్రం చెప్పకు, నాకు లెక్కలు వచ్చు అంది.

పది గంటలకు గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజ్ పక్కన దీప్తి వేళ్ళు మడుస్తూ గొణుక్కుంటోంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ల్యాబ్ టెక్నీషియన్, రోజూ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైల్లో వస్తుంది. వచ్చే ఆదివారం జర్మన్ పరీక్ష. పాసైతే అక్కడి ఆసుపత్రిలో కొలువు. ఒకసారి తప్పింది. తప్పించింది ఆడామగా గొడవ.

"దిమాక్ ఖరాబైతాంది చాచా. చెంచ మగదట. ఫోర్కు ఆడదట. చాకు రెండూ కాదట. ఆడపిల్లనేమో ఆడది కాదంటాన్రు."

"మరేందట?"

"అదట. అది."

ఫకీర్ నవ్వాడు. ఆయనకు అది కొత్త సంగతి కాదు. ఉర్దూలో కుర్సీ ఆడది, దర్వాజా మగది. కితాబ్ ఆడది, కలం మగది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

"మరెట్ల గుర్తు పడుతరు?" అంది దీప్తి.

"తోక చూస్తె ఎరుకైతది బేటా. 'ఆ' అని పోతె మగది, 'ఈ' అని పోతె ఆడది. అన్నీ కావు. శానమట్టుకు."

దీప్తి ఒక నిమిషం ఆయన్ని, ఒక నిమిషం చెక్కపెట్టెను చూసింది. గ్లవ్స్ ఊడదీసి ఫోన్ అందుకుంది. ఫకీర్ నంబరు చెప్పడం, ఆమె వెతకడం. ఒకటో నంబరు తోక జర్మన్లోనూ అదే. ముందు ఏ తల పెట్టినా ఆడది. రెండో నంబరును వాళ్ళు చివర కొంచెం కత్తిరించి 'ఓజె' అంటారు. అదీ ఆడదే. మూడో నంబరుకి చివర 'ఆ' కోసేసి 'ఓమ్' అంటారు. అది రెండూ కాదు. పెట్టెలో లేని 'ఇజం' అక్కడికి పోయి 'ఇస్ముస్' అయి మగదైంది. దీప్తి గ్లవ్స్ డబ్బా అట్ట వెనక ఇదంతా రాసుకుంది. రాసి, తల పట్టుకుంది.

"అంటె నేను అన్ని వందల పేర్లు ఉత్తగనే బట్టీ కొట్టిన్నా? తోకలు నేర్చుకుంటె అయిపోవునా?"

మూలన కంప్యూటర్ దగ్గర కూర్చున్న సాఫ్ట్‌వేర్ పిల్ల ఈ మాట విని తల ఎత్తలేదు. నాలుగు వందల పన్నెండు పేర్లు టైపు చేసినవాళ్ళు అట్లాంటప్పుడు తల ఎత్తరు.

పదకొండున్నరకి రాయమల్లు వచ్చాడు. ప్రతి యేడూ మక్కకంకులు గింజ పట్టగానే ఒక సంచి మోసుకొని వస్తాడు. డెబ్బై ఏళ్ళు. మెడ మీద ఆ పాత మచ్చ ఇప్పుడు ముడతల్లో కలిసిపోయింది. సంచి కౌంటర్ మీద పెట్టి, వరసలో కూర్చున్న రోగులందరికీ వినబడేటట్టు, ఈ సాయిబు నన్ను కాగితం మీద సంపిండు, ఇంకా బతికే ఉన్న, సూడున్రి అన్నాడు. ఏటా అనేదే. ఏటా ఫకీర్ నవ్వి, మల్ల కొట్టమంటవా అంటాడు. ఈసారి నవ్వి, రిజిస్టర్ వైపు తల తిప్పుకున్నాడు.

రాయమల్లు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఏందే ఫకీరూ, మొఖం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదన్నా. ఎండ."

ఆకాశం మబ్బుగా ఉంది. రాయమల్లు కిటికీలోంచి మబ్బును చూసి, ఫకీర్‌ని చూసి, బల్ల మీదికి వంగాడు.

"నీకో మాట చెప్పాలె. ఆ మూడొద్దులు సమ్మమ్మ నాకు దినాం కోడికూర వండింది. పెండ్లయిన సంది నన్ను ఒక్క మాట అననిది ఆ మూడొద్దులే. నీ రెండో కాయితం వచ్చిన పొద్దే మల్ల పచ్చిపులుసు. నిన్నటిదాంక పచ్చిపులుసే." కొంచెం ఆగాడు. "ఒక్కపారి మల్ల తప్పు రాయరాదు?"

ఫకీర్‌కి ఈసారి నిజంగానే నవ్వొచ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. సంగతేమిటని రాయమల్లు మళ్ళీ అడగలేదు. పోతూ పోతూ, కంకులు ఇయ్యాల్నే కాల్చుకొని తిను, రేపటికి గట్టివడుతయి అని చెప్పి పోయాడు.

ఒంటిగంటకు డబ్బా విప్పారు. జైనాబీ జొన్నరొట్టెలు, గోంగూర మటన్ పెట్టింది. మటన్ ఎక్కువే పెట్టింది. రోజూ ఇద్దరికీ సరిపడా పెడుతుంది, దీప్తి డబ్బాలో ఎప్పుడూ చారే ఉంటుందని ఆమెకు తెలుసు. దీప్తి ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో పుస్తకం తిప్పుతోంది. కుటుంబం పాఠం. తాత ఓపా. ఆ పక్క మాట దగ్గర ఆమె నమలడం ఆపింది. లేచి పోయి, ఎడమచేత్తో చెక్కపెట్టెలోంచి మూడో స్టాంపు తీసి తిరగేసి చూసింది. పుస్తకంలో చూసింది. మళ్ళీ స్టాంపు చూసింది.

"చాచా, మీ మూడో నంబరు జర్మన్ల ఇండ్లల్ల ఏందో ఎరుకేనా?"

"పొద్దుగాల చెప్పినవ్ గద. రెండూ కాదని."

"అది తోక. ఉత్తగ ఇదొక్కటే రాస్తె, ఇవే మూడు అక్షరాలు. ఓమా. నాయనమ్మ. అమ్మమ్మ గూడ అదే." ఆయనకు అర్థం కాలేదేమోనని మళ్ళీ చెప్పింది. "నానీ, చాచా. ఓమా అంటె నానీ."

ఫకీర్ చేతిలో రొట్టె ముక్క గోంగూరలో అట్లాగే ఉండిపోయింది. స్టాంపు అడిగి తీసుకున్నాడు. రబ్బరు మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి, అద్దంలో చూసినట్టు. అంచులు ఇంకా కొత్త కత్తిలా ఉన్నాయి. ముప్పై ఏళ్ళు.

"ఎవరి నానీకి భయపడుకుంట కూసున్ననో నేను ఇన్నేండ్లు" అన్నాడు. దీప్తి పొలమారేటట్టు నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. కానీ రెండో రొట్టె తినలేదు.

మధ్యాహ్నం రోజూ వచ్చేవే వచ్చాయి. ఒక అపెండిక్స్ ముక్క, నాలుగు, ఒకటి. ఒక పిల్లవాడి టాన్సిల్, ఒకటి. కౌంటర్ దగ్గర ఒక ముసలమ్మ, బక్కమ్మ అట పేరు, ఏం రాసిన్రు బిడ్డా అని అడిగితే, మోకాలి వాపు అవ్వా, మిగిలింది డాక్టర్ చెప్తడు అన్నాడు. వాపు నాకు కనవడ్తలేదా, దానికి ఇంత కాయితమెందుకు అని ఆమె రిపోర్టును కొంగున కట్టుకొని పోయింది. ఫకీర్ గడియారం చూడలేదు. చూడాల్సిన పని లేదు. మూడున్నరకి ఎదురుగా సందులో మిర్చిబజ్జీ బండి స్టవ్వు అంటుకుంటుంది. అది అంటుకున్న చప్పుడు విన్నాడు. తర్వాత అరగంటలో ఒకే చీటీని రెండుసార్లు ఎక్కించబోయి, దిద్దుకున్నాడు.

నాలుగింటికి డాక్టర్ శకుంతల గదిలోంచి గంట మోగింది.

సాఫ్ట్‌వేర్ పిల్ల ఆ గదిలోనే ఉంది, డాక్టరుకి డ్రాప్‌డౌన్ నేర్పుతూ. ఒకటి నొక్కితే చాలు మేడం, రిపోర్టు అదే ప్రింటవుతుంది అని అంతకుముందే చెప్పింది. ఫకీర్ లోపలికి వచ్చేసరికి తెర మీద జైనాబీ పేరు ఉంది. పక్కన గడి ఖాళీగా ఉంది. డాక్టర్ శకుంతల మౌస్ వదిలేసింది. సొరుగులోంచి పాత చీటీల కట్ట తీసింది. వాళ్ళ నాన్న కాలం నాటి కట్ట, అంచులు పసుపుపచ్చబడ్డవి. పెన్ను మూత తీసి రాసింది. థైరాయిడ్ అని మొదట ముత్యాల్లాగా, ఆ తర్వాత ఒక గీత, అచ్చం నాన్న గీత. గీత చివర ఒక అంకె. చీటీ మడిచి బల్ల మీద పెట్టి, పక్కనున్న నీళ్ళ గ్లాసు మూత తీసింది.

ఫకీర్ ఆ గ్లాసును చూశాడు. ముప్పై ఏళ్ళలో అట్లాంటి గ్లాసు ఎంతమందికి అందించాడో ఆయన చేతులకు తెలుసు. కుర్చీ వీపు పట్టుకున్నాడు.

డాక్టర్ శకుంతల గ్లాసెత్తి గటగటా తాగేసింది.

"ఏంది చాచా, గట్ల చూస్తాన్రు? పొద్దుగాల సంది మైక్రోస్కోపుల తల పెట్టి కూసున్న, గొంతు ఎండిపోయింది. చీటీ తీసుకోరాదా?"

తీసుకున్నాడు. విప్పాడు. ఒకటి. నిలువుగీత, కింద చిన్న అడ్డగీత. రెండు కాదు, మూడు కాదు. కళ్ళజోడు సర్దుకొని మళ్ళీ చూశాడు. ముప్పై ఏళ్ళుగా మూడుకి మాత్రమే అడిగిన ప్రశ్న, మొదటిసారి ఒకటికి అడిగాడు.

"ఒకటేనా మేడం?"

"ఒకటే చాచా. రెండు స్లైడ్లు చూసిన, మల్ల మల్ల చూసిన. దినాం పరగడుపున ఒక గోలీ. అంతే. కాకపోతె జిందగీ మొత్తం వేసుకోవాలె, చాచీకి చెప్పున్రి, నాగా చెయ్యద్దని."

ఆయన తల ఊపాడు. తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. రిజిస్టర్‌లో ఆ పేజీ చివర ఒక్క వరసే మిగిలి ఉంది. జైనాబీ, యాభై నాలుగు, స్త్రీ. తలను చేత్తో రాశాడు, నెమ్మదిగా, బడిపిల్లవాడిలా. ఒకటో స్టాంపు తీశాడు. అక్షరాల అంచులు అరిగి గుండ్రబడ్డ స్టాంపు. ప్యాడ్ మీద రెండుసార్లు అద్ది, తల పక్కన ఆనించి, చూపుడువేలితో పైన నొక్కి, అయిదు లెక్కపెట్టి ఎత్తాడు. ఇన్నేళ్ళలో అంత తీరిగ్గా ఏ తోకా వేయలేదు.

సిరా ఆరే దాకా ఊదాడు.

అప్పుడు మూడో స్టాంపు తీశాడు. దీప్తి ఇటువైపే చూస్తోంది, చూడనట్టు సెంట్రిఫ్యూజ్ మూత తుడుస్తోంది. ఫకీర్ దాన్ని ప్యాడ్ మీద అద్దాడు. కొత్త రబ్బరు సిరా తాగడానికి కొంచెం మొండికేసింది. మళ్ళీ అద్దాడు. జైనాబీ రిపోర్టు కవరు తిప్పి, పేరు రాయాల్సిన చోట గుద్దాడు. మూడు అక్షరాలు, ముప్పై ఏళ్ళ కిందటి రబ్బరు, అంచు ఒక్కటి కూడా చెదరకుండా పడ్డాయి. కవరు దూరంగా పట్టుకొని చూసి, స్టాంపును దాని గదిలో పెట్టి, రిజిస్టర్ మూశాడు.

అయిదున్నరకి బ్యాగు భుజాన వేసుకొని డాక్టర్ శకుంతల గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సోమవారం నుంచి రానని చెప్పాడు. కౌంటర్ ఉంది కదా చాచా, ఎందుకు అని ఆమె అడిగింది. ఆ సాఫ్ట్‌వేర్ వల్లనా అని కూడా అడిగింది. మూలన ఉన్న పిల్ల చెవులు నిక్కబొడుచుకుంది.

"గదేం లేదు మేడం. ఈ బేటీ మంచిగనే చేసింది." అటు తిరిగి నవ్వాడు కూడా. "నానీ ఒక్కతే పిల్లకు తానం పోస్తాంది. వంగి చెంబు అందుకుంటె మెడ గుంజుతాందట. నీళ్ళు తోడిచ్చేటోడు ఒకడు గావాలె."

డాక్టర్ శకుంతలకు ఏదో చెప్పాలని ఉంది. చిన్నప్పుడు ఈ బల్ల కింద కూర్చొని, ఈయన స్టాంపులతో అరచేతుల నిండా ఐటిస్‌లు గుద్దుకొని బడికి పోయిన పిల్ల ఆమె. లేచి వచ్చి మక్కకంకుల సంచి ఆయన చేతికిచ్చింది. అందులోంచి నాలుగు తీసి దీప్తికిచ్చాడు, రెండు సాఫ్ట్‌వేర్ పిల్లకి. ఇయ్యాల్నే కాల్చుకొని తినాలె, రేపటికి గట్టివడుతయి అన్నాడు.

మెట్లు సగం దిగి మళ్ళీ పైకి వచ్చాడు. ఏదో మరిచిపోయినట్టు బల్ల దగ్గరికి పోయి, వంగి, ఒక్క నిమిషంలో జేబు తడుముకుంటూ దిగిపోయాడు. ఎదురుగా బజ్జీల బండి దగ్గర ఆగి చెప్పడం దీప్తికి పైకి వినబడింది. మూడు ప్లేట్లు కట్టు, ఇంటికి, అన్నాడు. తర్వాత ఆ పొడుగు మెడ, ఏదో చదువుకుంటూ పోతున్నట్టు, చౌరస్తా రద్దీలో కలిసిపోయింది.

సోమవారం డ్రాప్‌డౌన్ బాగానే పని చేసింది. ఆ వారమే అందులో పేర్ల వరస తీసేసి తలలు ఒక జాబితా, తోకలు ఒక జాబితా చేసింది సాఫ్ట్‌వేర్ పిల్ల. ఎవరూ అడగలేదు, అయినా. దీప్తి పరీక్ష పాసయింది. ఆడామగా దగ్గర ఒక్కటే తప్పు పోయింది, అదీ చాకు.

మీ ఆఫీసులోనో, మీ ఇంటి పక్కనో ఇట్లాంటివాళ్ళు ఒకరు ఉండే ఉంటారు. ఏ చప్పుడూ లేకుండా ఒక పని ముప్పై ఏళ్ళు చేసి, ఒక సాయంత్రం మెట్లు దిగిపోయినవాళ్ళు. వాళ్ళ గురించి మీకు తెలిసింది రాసి పంపండి. వాళ్ళు వదిలిపోయిన వస్తువేదైనా మీ దగ్గర ఉంటే, అది ఎట్లా ఉందో కూడా రాయండి.

ఇక్కడ ఉన్నది ఆరు గదుల చెక్కపెట్టె. అయిదు గదుల్లో అయిదు స్టాంపులు, వాటి కింద చెక్క ఏళ్ళ తరబడి సిరా తాగి నల్లబడింది. మూడో గది మాత్రం ఖాళీ. అడుగున చెక్క ఇంకా తెల్లగా ఉంది, దాని మీద ఒకే ఒక్కసారి, తడి సిరాతో నిలబెట్టినప్పుడు దిగిన మూడు ఊదారంగు అక్షరాలు: ఓమా.